కాకతీయుల ఆడపడుచులు

ఓరుగల్లు పేరు వినగానే మనకు ముందుగా కోట జ్ఞప్తికి వచ్చును. కీర్తితోరణములు, రాతికోట, దానిని చుట్టిన మట్టికోట, అనుమకొండలోని వేయిస్తంభముల గుడి కన్నులయెదుట నిలుచును. ఆ వెనుక యుద్ధములు, దండయాత్రలు, బిరుదములు వరుసగా తలపునకు వచ్చును. కాని రాజ్యమనగా కోటలును సేనలును మాత్రమే కాదు. అది ఒక కుటుంబము కూడను. ఆ కుటుంబమున పుట్టిన ఆడుబిడ్డలు ఏ యింట మెట్టిరి? మెట్టినింట నుండి పుట్టింటిని ఎట్లు తలచుకొనిరి? పుట్టిల్లు వారివలన ఏమి పొందినది? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరములు చెరువుకట్టలమీదను, గుడి ముంగిళ్ల లోను నిలిచిన రాళ్లపై ఉన్నవి. ఆ రాళ్లు చెప్పు కథను శ్రోతలకు వినిపింప మేము ఈ ప్రసంగమున ఉద్యమించితిమి.

ఈ కథ వేడుకకొరకు మాత్రమే చెప్పునది కాదు. దీనిలో ఒక చిక్కు ఇమిడియున్నది. వెనీసు నగరపు వర్తకుడు మార్కో పోలో 13వ శతాబ్ది చివర, సుమారు 1298లో, చెఱసాలలో నుండగా చెప్పి వ్రాయించిన యాత్రాగ్రంథమున మోటుపల్లి రాజ్యపు ప్రస్తావన కలదు. ఆ దేశమును ఒక రాణి యేలినదనియు, భర్త మరణించిన పిదప నలువదియేండ్ల కాలము ఆమె న్యాయమును, శాంతిని కోరి ప్రజలను పాలించెననియు, భర్తపై గల ప్రేమచే మరల పెండ్లాడలేదనియు అతడు చెప్పెను. రాణి పేరు చెప్పలేదు. ఆమె మన రుద్రమదేవియే. కాని మార్కో పోలో మాటను ఉన్నదున్నట్లు గైకొన్నచో రుద్రమ గణపతిదేవుని భార్య కావలసి వచ్చును. తరువాతి కాలమున పుట్టిన కొన్ని కథలు కూడ ఈ మాటనే బలపరచినవి. అందుచే చాలకాలము రుద్రమ గణపతిదేవుని కూతురా, భార్యయా అను సందేహము చరిత్రకారులను సైతము వెన్నాడినది.

ఒక మహారాణి యెవరి బిడ్డయో తెలియకపోవుట చిన్న లోపము కాదు. తండ్రి కూతురికి రాజ్యమిచ్చుట వేరు. భర్త పోయిన పిదప భార్య రాజ్యము నిలుపుకొనుట వేరు. మొదటిదానిలో ఒక నిర్ణయము కలదు. రెండవదానిలో కాలవశమున వచ్చిన అవసరము మాత్రమే కలదు. రుద్రమ రాజ్యము ఈ రెంటిలో ఏ తీరున వచ్చినదో తెలియవలెనన్నచో, ఆ యింటి బంధువర్గమునంతను ఒకమారు చూడవలసియున్నది.

గణపతిదేవునితో ప్రారంభింతము. అతని తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి ప్రాణములు కోల్పోయెను. గణపతి యాదవులకు బందీయై, సుమారు 1199లో విడుదలపొంది ఓరుగల్లునకు తిరిగి వచ్చెను. సామంతులు చెదరియుండిరి. తీరాంధ్రము చిన్నచిన్న రాజవంశముల చేతులలో నుండెను. అతడు కత్తితో గెలిచిన సీమలను వియ్యముతో కట్టి నిలుపుకొనెను. కృష్ణానది సముద్రమున కలియు చోటనున్న దివిసీమను జయించి, అచటి అయ్యవంశపు ఆడుబిడ్డలు నారమ్మ, పేరమ్మ అను ఇరువురను పెండ్లాడెను. వారి తోబుట్టువైన జాయనను తన కొలువునకు తెచ్చి గజసాహిణిని చేసెను. ఆ జాయనయే నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని. బావ పేర దివిసీమలో అతడు గణపేశ్వరాలయమును కట్టించి 1231లో శాసనము వేయించెను. ఓడిన వంశము బావమఱదుల వరుసతో ఓరుగల్లునకు ఆప్తమైనది. దానితోపాటు సముద్రపు రేవులకు దారియు దొరికినది. 1244లో మోటుపల్లి రేవునకు వచ్చు ఓడవర్తకులకు గణపతిదేవుడు అభయశాసనము నీయగలిగెనన్నచో, దాని వెనుక ఇట్టి బాంధవ్యముల బలము కూడ ఉన్నదని మేము తలంచుచున్నాము.

ఇది కోడండ్లను తెచ్చుకొన్న కథ. ఇక ఇచ్చిన ఆడపడుచుల కథ.

గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆమెను నతవాడి సీమనేలు రుద్రరాజున కిచ్చిరి. నతవాడి యనగా నేటి మధిర, నందిగామ ప్రాంతములు; ఓరుగల్లునుండి కృష్ణాతీరమునకు దిగు త్రోవలోని సీమ. ఈ మైలాంబ నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున గొప్ప చెరువును త్రవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరిడెను. చెరువు త్రవ్వించినవారు శాసనము వేయించుట ఆ కాలపు ఆచారము. కాని మైలాంబ వేయించిన శాసనమునకు ఒక విశేషము కలదు. ఆమె దానిపై తన పుట్టింటి వంశక్రమమును చెక్కించెను. కాకతి యను పురమునుండి యేలిన వెన్నరాజు మొదలుకొని, అతని పిదప గుండరాజులు, ఎఱియ, తరువాత బేతరాజులు, ప్రోలరాజులు, తన తండ్రి మహాదేవుడు, తన సోదరుడు గణపతి వరకు ఆ వరుస సాగినది.

ఈ శాసనము వెలువడువరకు కాకతీయుల పూర్వీకులనుగూర్చి మనకు తెలిసినది బహుస్వల్పము. రాజులు తమ శాసనములందు తాతముత్తాతలను రెండు మూడు తరములకు మించి యెక్కువగా పేర్కొనలేదు. ఇల్లు విడిచి వెళ్లిన ఆడపడుచు మాత్రము ఆ పేర్లన్నిటిని మఱవక, చెరువునీటియొడ్డున రాతిపై నిలిపినది. మన యిండ్లలో పెండ్లిండ్లు, పేరంటములు వచ్చినపుడు ముత్తవ్వలు వంశపు పేర్లు వల్లించుట మనమందఱము ఎఱుగుదుము. మైలాంబ చేసిన పనియు అట్టిదే. ఆమె దానిని రాతిపై చేసినది, అంతే భేదము.

ఆ తరువాతి తరములో గణపతిదేవుని కూతురు గణపాంబ. ఈమె పేరు రుద్రమ పేరువలె లోకమున ప్రసిద్ధము కాలేదు. కాని మేము ఈ ప్రసంగమున శ్రోతలకు ముఖ్యముగా పరిచయము చేయదలచినది ఈ సాధ్వినే. ఆమెను కోటవంశపు బేతరాజునకు ఇచ్చి వివాహము చేసిరి. కోటవంశీయులు కృష్ణకు దక్షిణపుగట్టున ఆరువేల నాడని ప్రసిద్ధిపొందిన సీమకు ప్రభువులు. వారి నగరము ధాన్యకటకము. అదియే నేటి ధరణికోట, అమరావతి. బౌద్ధుల మహాస్తూపమునకును, అమరేశ్వరుని కోవెలకును నెలవైన ఆ సీమ సంపన్నమైనది, పురాతనమైనది. అందుచే ఈ వియ్యము ఓరుగల్లునకు మిక్కిలి విలువైనది.

బేతరాజు మరణించెను. గణపాంబ ఆ సీమను తానే పాలించెను. ఆమె వేయించిన శాసనము గుంటూరుసీమలోని యనమదల గ్రామమున రాతిస్తంభముపై నున్నది. దానిని 19వ శతాబ్ది చివర హుల్ట్‌ష్ పండితుడు ప్రకటించెను. అందులో ఆమె తన పుట్టింటివారైన కాకతీయులను, మెట్టినింటివారైన కోటప్రభువులను ఇరుతెఱగుల కీర్తించెను. ధాన్యకటకమున అమరేశ్వరుని ఆలయమునకు బంగరు కలశముల నెత్తించెను. అదే నగరమున భర్త పేర బేతేశ్వరమను శివాలయమును కట్టించెను. తండ్రి పేరను మఱియొక శివాలయమును ప్రతిష్ఠించెను.

ఈ రెండు కోవెలలను గూర్చి ఒకింత ఆలోచింపవలెను. భర్త పేర ఒకటి, తండ్రి పేర ఒకటి. మెట్టినింటి ఋణము నొక దేవునికిని, పుట్టింటి ఋణము నొక దేవునికిని అప్పగించినట్లున్నది. ఆ కాలమున భర్తను కోల్పోయిన రాచయిల్లాలు సీమను నిలుపుకొనుట సులభము కాదు. భర్త పేర గుడి కట్టుటచే ఆమె తాను కోటవంశపు ఇల్లాలినని కోటసీమ ప్రజలకు చాటెను. తండ్రి పేర గుడి కట్టుటచే తన వెనుక ఓరుగల్లు ఉన్నదని చుట్టుపట్టు ప్రభువులకు తెలిపెను. భక్తియు, మమతయు, రాజనీతియు ఒక్క పనిలో కూడివచ్చినవి. వీనిలో ఏది యెంతపాలో విడదీసి చూచుట మన తరము కాదు. ఆమెకును అట్లు విడదీయవలసిన యవసరము తోచియుండదు.

ఇక రుద్రమదేవి. గణపతిదేవునికి కొడుకులు లేరు. తోబుట్టువు గణపాంబను అత్తవారింటికి పంపినట్లు రుద్రమను పంపలేదు. ఆమెను నిడదవోలు చాళుక్యవంశపు రాజకుమారుడు వీరభద్రునకు ఇచ్చిరి. వీరభద్రుడు ఓరుగల్లు సింహాసనముపై కూర్చుండలేదు, కూతురే కూర్చుండెను. గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవుడని మగపేరు పెట్టెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజులుగా కానవచ్చును. మార్కో పోలో వంటివారు పొరబడుటకు కొంత కారణము ఇచటనే యున్నది. పేరు చూచినచో మగవాడు, ఏలునది స్త్రీ. దూరమునుండి విన్న నావికులకు, ఏలుచున్న స్త్రీ యనగా పోయిన రాజుభార్యయే యని తోచుట సహజము. కూతురు రాజగుట వారి లోకమున అరుదు.

చిక్కును విప్పినది మరల రాయియే. కృష్ణాతీరమున మల్కాపురమున 1261 నాటి శాసనమొకటి కలదు. గణపతిదేవుని దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యులు. ఆయనకు గణపతిదేవుడు మందడ గ్రామమును నోటిమాటగా ఇచ్చెననియు, ఆయన కుమార్తె రుద్రమదేవి తండ్రి మాట నిలిపి, దానితోపాటు వెలగపూడిని కూడ చేర్చి శాసనపూర్వకముగా దాన మొసగెననియు అందున్నది. ఆ దానమువలన గుడి, మఠము, విద్యార్థులకు చదువు, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినవి. ఆమె కుమార్తె యని శాసనము స్పష్టముగా పలికినది. మందడము, వెలగపూడి నేడు ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి పరిధిలోనివి. ఆ రాష్ట్రపు సచివాలయము వెలగపూడిలోనే యున్నది. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుని ప్రతాపరుద్రీయమును, దానికి మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి వ్రాసిన రత్నాపణ వ్యాఖ్యయు ఈ సంగతినే బలపరచుచున్నవి.

కూతురికి రాజ్యమిచ్చుటను ఆనాటి లోకమున మఱి యెవరును తలపెట్టలేదా? తలపెట్టిరి. గణపతిదేవుని కంటె నూఱేండ్ల ముందు ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ ఇట్టి చిక్కులోనే పడెను. అతని ఔరస పుత్రుడు 1120లో ఓడ మునిగి మరణించెను. మిగిలినది మటిల్డా యను కూతురు. 1127లో హెన్రీ తన సామంతులచే ఆమెను రాణిగా అంగీకరింతుమని ప్రమాణము చేయించెను. 1135లో అతడు కన్నుమూయగానే మేనల్లుడు స్టీఫెను కిరీటము ధరించెను. ప్రమాణము చేసినవారిలో పెక్కుమంది అతని పక్షమున చేరిరి. మటిల్డా సేనలను కూర్చుకొని పోరాడెను. 1141లో లండను చేరియు పట్టాభిషేకము పొందక వెనుదిరుగవలసివచ్చెను. తుదకు ఆమె కుమారుడు రెండవ హెన్రీ 1154లో రాజయ్యెను. మన దేశముననే ఢిల్లీలో సుల్తాను ఇల్తుత్మిష్ కుమార్తె రజియా 1236లో సింహాసన మెక్కి, నాలుగేండ్లు తిరుగకమునుపే ప్రభువుల తిరుగుబాటుచే దానిని, ప్రాణమును కోల్పోయెను.

గణపతిదేవుడు వీరి చరిత్రను ఎఱుగునో ఎఱుగడో కాని, అతడు నడచిన త్రోవ వేఱు. అతడు సామంతుల ప్రమాణములను మాత్రమే నమ్ముకొనలేదు. తాను బ్రతికియుండగనే, సుమారు 1260 నుండి, కూతురిని రాజ్యభారమున తనతో చేర్చుకొనెను. మల్కాపుర శాసనమే దీనికి తార్కాణము. తండ్రి మాట యిచ్చుట, కూతురు దానిని నెరవేర్చుట దేశము చూచినది. ఆమె యాజ్ఞ రాజాజ్ఞగా చెల్లుట జనులకు అలవాటైనది. వీరభద్రుని వంశము ప్రాచీన కీర్తి గలదియే కాని, ఆనాటికి చిన్నపాటి సీమకు ప్రభువులు. అల్లుడు రాజ్యమును తన వంశమునకు త్రిప్పుకొనునను భయము సామంతులకు కలుగుట కవకాశము లేదు. మటిల్డా భర్త ఆంజూ ప్రభువు నార్మను దొరలకు పూర్వశత్రువు. ఆమెకు ఎదురైన విముఖతలో అదియు ఒక పాలు. పుట్టింటి కొఱకు అల్లుని ఎన్నుకొనుటలో ఓరుగల్లు చూపిన జాగరూకత ఇందుచే తెలియగలదు.

ఐనను రుద్రమకు రాజ్యము పూలపాన్పు కాలేదు. 1262 ప్రాంతమున ఆమె యేకాకిగా రాజ్యభారము వహించెను. దక్షిణమున పాండ్యులు నెల్లూరుసీమను ఆక్రమించిరి. పశ్చిమమున దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తెను. అతని ఆస్థాన పండితుడు హేమాద్రి, తన ప్రభువు స్త్రీయని దయదలచి రుద్రమను విడిచిపెట్టెనని వ్రాసెను. కాని యాదవరాజ్యపు టెల్లలోని బీదరుకోటలో రుద్రమ శాసనఖండము లభించినది. అందు ఆమె రాయగజకేసరి బిరుదముతో వెలుగుచున్నది. విడిచిపెట్టబడిన స్త్రీ శత్రువు గడపలో శాసనము వేయింపదు. హేమాద్రి మాటలోని దయ యెవరిదో శ్రోతలే నిర్ణయింపగలరు. ఇంటిలోనివారి తిరుగుబాటు అంతకంటె కఠినమైనది. కాయస్థ అంబదేవుడు ఓరుగల్లు ఆధిపత్యమును త్రోసిపుచ్చి, స్వతంత్రుడై, 1290 నాటి త్రిపురాంతక శాసనమున తన విజయములను చాటుకొనెను. వియ్యములు రాజ్యమును కట్టగలవు గాని, అన్ని వేళల కాపాడలేవు.

రుద్రమకును కొడుకులు లేరు. ఆమె కుమార్తెలలో ముమ్మడమ్మను మహాదేవుడను రాజకుమారునకిచ్చిరి. రుయ్యమ్మ ఇందులూరి అన్నయకు ఇల్లాలయ్యెను. అన్నయ కాకతీయుల కొలువున ప్రముఖుడు. తాత గణపతి దూరపుసీమల ప్రభువులతో వియ్యమందెను. రుద్రమ కాలమునకు వియ్యము కొలువులోని ఉద్యోగివర్గముతో కూడ కలిసినది. కాలము మాఱుట ఇందు కానవచ్చుచున్నది. ముమ్మడమ్మ కుమారుడే ప్రతాపరుద్రుడు. మనుమనిని రుద్రమ దత్తుగా స్వీకరించి యువరాజును చేసెను. సోదరులు లేని ఆడుబిడ్డకు పుట్టినవాడు తాతకు కొడుకువలె వంశము నిలుపవచ్చునని మన ధర్మశాస్త్రములు పుత్రికాపుత్ర ధర్మమును చెప్పియున్నవి. ఓరుగల్లులో అది రాజ్యాంగమైనది.

ఇచట ఒకమాట లెక్కకట్టి చూడవలెను. గణపతిదేవుని కూతురు రుద్రమ. రుద్రమ కూతురు ముమ్మడమ్మ. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. 1289 నుండి 1323లో ఓరుగల్లు పతనమగు వరకు కాకతీయ సింహాసనముపై నున్న రాజు, గణపతిదేవునితో వరుసగా ఇరువురు స్త్రీల ద్వారా కలియుచున్నాడు. అల్లుండ్ల వంశనామములు వెనుకబడినవి. ఆడుబిడ్డల పుట్టింటి పేరు నిలిచినది. కాకతీయులని మనము నేడు పలుకునపుడు, ఆ పేరును తుది తరమువరకు మోసికొనివచ్చినవారు ఆడపడుచులే యని గుర్తింపవలెను.

రుద్రమ మరణమును గూర్చియు ఒక రాయియే మనకు చెప్పినది. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి యనువాడు వేయించిన చిన్న శాసనమున్నది. అతడు సేనాపతి మల్లికార్జుననాయకుని భృత్యుడు. కాకతి రుద్రమదేవియు, మల్లికార్జుననాయకుడును శివలోకమునకేగగా, వారికి పుణ్యముగా దేవునికి భూమి నిచ్చితినని అతడు చెప్పుకొనెను. శాసనము 1289 నవంబరు నాటిది. ఈ శాసనము 1970ల దశకమున వెలుగులోనికి వచ్చువరకు రుద్రమ 1290ల నడుమ వరకు పాలించెనని పండితులు వ్రాయుచుండిరి. ఒక సేవకుని కృతజ్ఞత మహారాణి చరిత్రలోని ఆఱేండ్ల తప్పును దిద్దినది.

మైలాంబ చెరువురాయి లేనిచో కాకతీయుల తాతముత్తాతలు మనకు తెలియరు. గణపాంబ స్తంభము లేనిచో ఆ సాధ్వి పేరే తెలియదు. మల్కాపుర శాసనము లేనిచో కూతురు భార్యగా మిగిలిపోవుటకు అవకాశముండెను. పువ్వుల ముమ్మడి రాయి లేనిచో ఆమె తుదికాలము తెలియదు. మన ఊళ్లలో ఇట్టి రాళ్లు నేటికిని చెరువుకట్టలపైనను, పాడుపడిన గుళ్లయందును పడియున్నవి. కొన్నింటిపై బట్టలుతుకుచున్నారు, కొన్నింటిని ఇంటి పునాదులకు తరలించుచున్నారు. శ్రోతలలో ఎవరి ఊరిలోనైన అక్షరములున్న రాయి కనబడినచో, దానిని కదల్పక, పురావస్తుశాఖవారికి తెలుపుడు. దానిపై ఏ యింటి ఆడపడుచు తన పుట్టింటివారి పేరు వ్రాయించియున్నదో, చదివినగాని తెలియదు.